సంతకం పెట్టే కుర్చీ

మా హాస్టల్లో ఫైనల్ ఇయర్ వాళ్లని ఎవర్నైనా నిద్రలో లేపి అడగండి. యూకేలో మాస్టర్స్ అయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారో, బ్యాంకులో ఎంత చూపించాలో, ఏ ఇంటేక్‌కి ఎప్పుడు అప్లై చెయ్యాలో గుక్క తిప్పుకోకుండా చెప్తారు. ఆ రూల్ ఎవరు రాశారు, ఎవరు సంతకం పెట్టారు అని అడిగితే మాత్రం "గవర్నమెంట్" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. గవర్నమెంట్ అంటే గోడ కాదు కదా! అందులో ఒక కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీలో ఒక మనిషి ఉంటారు. ఈ వ్యాసం ఆ కుర్చీ గురించే.

బ్రిటన్‌లో ఆ కుర్చీ పేరు హోం సెక్రటరీ. సెక్రటరీ అన్నారు కదా అని ఐఏఎస్ ఆఫీసర్ అనుకోకండి. ఆ పదవిలో ఉండేది మంత్రే, మన కేంద్ర హోం మంత్రి లాంటి వారు. ఎవరు దేశంలోకి రావచ్చు, ఎవరికి ఆశ్రయం ఇవ్వాలి, ఎవర్ని వెనక్కి పంపాలి అన్న విధానాలు ఆ టేబుల్ మీదుగానే వెళ్తాయి. మంత్రి కింద శాఖ మొత్తానికీ పెద్ద అధికారి ఒకరుంటారు, పర్మనెంట్ సెక్రటరీ. ప్రభుత్వాలు మారినా ఆ అధికారి మారనక్కర్లేదు. ఖర్చుపెట్టే ప్రతి పౌండుకీ పార్లమెంటుకి లెక్క చెప్పాల్సింది ఆయనే.

నేను సివిల్ స్టూడెంట్‌ని. నాన్న ఒక ప్రభుత్వ శాఖలో ఏఈ. చిన్నప్పట్నించీ ఇంట్లో విన్న మాట ఒకటుంది: "నీకు నచ్చని పని పైవాళ్లు చెయ్యమంటే నోరు పారేసుకోకు, నోట్ ఫైల్లో రాయి. ఆ తర్వాత వాళ్లు సంతకం పెడితే చెయ్యి." ఈ మాటకి ఇంత పెద్ద ఉదాహరణ లండన్‌లో దొరుకుతుందని నేననుకోలేదు.

2022 ఏప్రిల్‌లో బ్రిటన్ ఒక పథకం ప్రకటించింది. ఇంగ్లిష్ ఛానల్ దాటి చిన్న పడవల్లో వచ్చేవాళ్లలో కొందరిని ఆఫ్రికాలోని రువాండాకి పంపేస్తారు. వాళ్ల శరణు దరఖాస్తులు అక్కడే చూస్తారు, ఆశ్రయం దొరికితే అక్కడే ఉండిపోవాలి. అప్పుడు హోం సెక్రటరీ ప్రీతి పటేల్. పర్మనెంట్ సెక్రటరీ మాథ్యూ రైక్రాఫ్ట్. ఈ పథకం పడవల్ని ఆపుతుందనడానికి తగినంత ఆధారం లేదనీ, పెట్టే డబ్బుకి ఫలితం వస్తుందని తాను చెప్పలేననీ ఆయన రాతపూర్వకంగా చెప్పారు. ముందుకెళ్లాలంటే మంత్రి లిఖితంగా ఆదేశం ఇవ్వాలి. పటేల్ ఇచ్చారు. మన భాషలో చెప్పాలంటే ఏఈ నోట్ ఫైల్లో రాశాడు, పైవాళ్లు సంతకం పెట్టేశారు.

తర్వాత కథ తెలిసిందే. 2022 జూన్‌లో మొదటి విమానం ఎగరాల్సిన రాత్రి యూరోపియన్ మానవ హక్కుల కోర్టు జోక్యంతో ఆగిపోయింది. 2023 నవంబరులో బ్రిటన్ సుప్రీం కోర్టు జడ్జీలు ఐదుగురూ ఏకగ్రీవంగా పథకం చట్టవిరుద్ధం అన్నారు. అక్కణ్నుంచి శరణార్థుల్ని మళ్లీ వాళ్లు పారిపోయి వచ్చిన చోటికే పంపేసే ప్రమాదం ఉందన్నది కారణం. దానికి జవాబుగా రువాండా సురక్షిత దేశమే అని 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసింది. ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం మారి పథకం రద్దయింది. కొత్త హోం సెక్రటరీ ఇవెట్ కూపర్ పార్లమెంటుకి చెప్పిన లెక్క: అయిన ఖర్చు 70 కోట్ల పౌండ్లు, రువాండా వెళ్లినవాళ్లు నలుగురు. ఆ నలుగురూ తమంతట తామే ఒప్పుకుని వెళ్లినవాళ్లు. బలవంతంగా పంపింది సున్నా.

పటేల్ తల్లిదండ్రులు ఉగాండా నుంచి బ్రిటన్ వచ్చిన గుజరాతీలు. ఆమె తర్వాత వచ్చిన సుయెల్లా బ్రేవర్‌మన్ తండ్రి కెన్యా నుంచి వచ్చిన గోవా మూలాలున్న వ్యక్తి, తల్లిది మారిషస్‌లో స్థిరపడ్డ తమిళ మూలాల కుటుంబం. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న సాజిద్ జావిద్ తండ్రి పాకిస్తాన్ నుంచి వచ్చి బస్సు నడిపాడు. 2025 సెప్టెంబరులో వచ్చిన షబానా మహమూద్ కుటుంబ మూలాలు కూడా పాకిస్తాన్‌లోనే. వచ్చిన రెండు నెలలకే ఆమె కొత్త విధానం ప్రకటించారు. శరణార్థి హోదా ఇక తాత్కాలికం, రెండున్నరేళ్లకోసారి సమీక్ష, అనుమతి లేని దారిలో వచ్చినవాళ్లకి శాశ్వత నివాసం కావాలంటే 20 ఏళ్లు ఆగాలి.

2022 దీపావళి నాడు రిషి సునాక్ ప్రధాని అవుతున్నారని ఖాయమైనప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన స్వీట్ల స్టిక్కర్లకి లెక్కలేదు. "మనవాళ్లు కూర్చున్నారు, ఇక వీసాలు తేలికైపోతాయి" అని బాబాయ్ మెసేజ్. కుర్చీలో కూర్చున్నవాళ్ల రంగు చూసి రూల్ ఎలా ఉంటుందో చెప్పగలిగితే ఎంత బాగుండేది! 2020లో పాయింట్ల పద్ధతి ప్రకటించినప్పుడు, ఈ రూల్స్ అప్పట్లోనే ఉంటే మీ అమ్మానాన్నా రాగలిగేవారా అని పటేల్‌ని రేడియోలో అడిగారు. రాలేకపోయి ఉండొచ్చని ఆమె ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఒప్పుకున్నాక కూడా రూల్ మారకపోవడమే అర్థం కాలేదు.

పార్టీ పేరు చూసి కూడా చెప్పలేం. 1968లో కెన్యాలో ఉన్న భారత సంతతివాళ్లు, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్నవాళ్లు, బ్రిటన్ బయల్దేరారు. లేబర్ పార్టీ హోం సెక్రటరీ జేమ్స్ కల్లహాన్ మూడంటే మూడు రోజుల్లో పార్లమెంటులో చట్టం చేయించి తలుపు వేసేశారు. నాలుగేళ్ల తర్వాత 1972లో ఉగాండాలో ఇడీ అమీన్ ఆసియా వాళ్లందర్నీ 90 రోజుల్లో వెళ్లిపొమ్మన్నాడు. అప్పుడున్నది కన్సర్వేటివ్ ప్రభుత్వం, హోం సెక్రటరీ రాబర్ట్ కార్. జనంలో వ్యతిరేకత తక్కువేం కాదు. లెస్టర్ నగర పాలకులైతే మా ఊరు రావద్దని ఉగాండా పేపర్లో ప్రకటనే ఇచ్చారు. అయినా ఆ ప్రభుత్వం సుమారు 28 వేల మందిని తీసుకుంది. ఎన్నికల భయం రెండుసార్లూ ఉంది. తేడా వచ్చింది ఆ కుర్చీ దగ్గర, ఆ కేబినెట్ టేబుల్ దగ్గరే.

ఇదంతా మనకెందుకు అంటారా? మా పెద్దమ్మ కూతురికి 2024 జనవరి ఇంటేక్‌లో సీటొచ్చింది. సరిగ్గా ఆ జనవరి నుంచే పీజీ కోర్సు స్టూడెంట్లు భర్తనీ పిల్లల్నీ తీసుకెళ్లకూడదన్న రూల్ అమల్లోకొచ్చింది, రీసెర్చ్ కోర్సులకి తప్ప. అక్క ఒక్కతే వెళ్లింది. బావా, రెండేళ్ల పాపా గాజువాకలో ఉండిపోయారు. కొన్నాళ్లపాటు పాప ఫోన్ కనిపిస్తే చాలు "అమ్మ" అనేది. ఫోన్‌లో అమ్మని చూపించి కాదు, ఫోన్‌నే.

ఈ సంగతి రూమ్‌లో చెప్తే మా ఫ్రెండ్ ఒకడు అన్నాడు: "ఆ పడవల్లో దొంగచాటుగా వచ్చేవాళ్ల వల్లే రా మనకీ తిప్పలు. వాళ్లని గట్టిగా ఆపితే మనలాంటి జెన్యూన్ వాళ్లకి దారి దొరుకుతుంది." మిగతావాళ్లు తలూపారు. నేను లెక్కలు తీశాను. 2022లో పడవల్లో వచ్చినవాళ్లు 45 వేల పైచిలుకు. అదే ఏడాది స్టూడెంట్ల మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యులకిచ్చిన వీసాలు 1 లక్షా 36 వేలు. 2019లో ఆ సంఖ్య 16 వేలే. ఆ రూల్ పెట్టింది ఈ పెరుగుదల చూసి. అంటే మన రూల్ పడవల వల్ల రాలేదు, మన వల్లే వచ్చింది. వాడు కాసేపు ఆలోచించి, "అయినా వాళ్లూ మనం ఒకటా?" అన్నాడు.

ఒకటి కాదు. అది నేనూ ఒప్పుకుంటాను. స్టూడెంట్ వీసా ఒక దేశం ఇష్టపడి ఇచ్చేది. 2012లో చదువయ్యాక ఉండే రెండేళ్ల వీసా తీసేశారు, 2021లో మళ్లీ ఇచ్చారు, 2025లో దాన్ని 18 నెలలకి తగ్గిస్తామన్నారు. వాళ్ల దేశం, వాళ్ల లెక్క. అక్క కూడా అదే అంటుంది: "రూల్ చదువుకునే వచ్చాను కదరా, ఎవర్ని తిట్టుకోను?" శరణు అలా కాదు. ప్రాణభయంతో వచ్చినవాణ్ని ఆ భయం ఉన్న చోటికే తిరిగి తోసెయ్యకూడదని 1951 ఒప్పందంలో దేశాలు రాసుకున్న మాట అది. మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు, బ్రిటన్ పెట్టింది. కుర్చీలో ఉన్నవాళ్లకి ఇబ్బందులు లేవనను. దరఖాస్తులు పేరుకుపోతాయి, హోటళ్లలో ఉంచితే ఖర్చు, ఊళ్లో గొడవలు. అందుకే మొదటిదాన్ని బిగించినంత తేలిగ్గా రెండోదాన్ని బిగించాలన్న ఆశ పుడుతుంది. ఆ రెంటికీ తేడా గుర్తుంచుకోవడమే ఆ కుర్చీకి అసలు పరీక్ష.

నాకు ఈ తేడా పుస్తకంలో తెలిసింది కాదు. మాది విశాఖలో కంచరపాలెం, బర్మా క్యాంపు. మా నానమ్మ రంగూన్‌లో పుట్టింది. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం షాపులన్నీ జాతీయం చేసి, పెద్ద నోట్లు చెల్లవని ప్రకటించాక, పన్నెండేళ్ల పిల్లగా ఓడెక్కి వచ్చింది. చట్టం దృష్టిలో ఆవిడ శరణార్థి కాదు, సొంత దేశానికి తిరిగొచ్చిన మనిషి. కానీ అప్పటికి ఆవిడ ఈ దేశం మొహమే చూళ్లేదు. ఊళ్లో వాళ్లకి మాత్రం వీళ్లంతా "కాందిశీకులు".

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు నానమ్మకి ఈ రువాండా కథంతా చెప్పాను. మంత్రులూ కోర్టులూ ఆవిడకి పట్టలేదు. "ఓడ దిగగానే ఒకాయన బల్లేసుక్కూచున్నాడు నానా," అంది. "మా అయ్య పేరడిగేడు, రాసుకున్నాడు, కాయితం మీద ముద్ర కొట్టేడు. తలెత్తి మా మొహం చూళ్లేదు గానీ ముద్రయితే కొట్టేడు. ఆయన కొట్టనంటే ఏటయ్యేవోళ్లం?"

ఆ బల్ల వెనకాల మనిషికి ఆ ముద్ర కొట్టమని ఢిల్లీలో ఎవరో ఒకరు ఆర్డర్ మీద సంతకం పెట్టే ఉంటారు. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. రేపు మనలో కొందరు సివిల్స్ రాస్తారు, కొందరు ఏ దేశంలోనో పౌరులై ఓట్లేస్తారు. ఎవరి పిల్లలు ఏ కుర్చీలో కూర్చుంటారో చెప్పలేం. కూర్చున్న రోజున, ఆ ఫైల్లో కింది అధికారి రాసిన నోటు చదివి, ఆ తర్వాత సంతకం పెడితే చాలు.