వర్లిలో ట్రిగ్గర్ చేప

వర్లి బి.డి.డి. చాళ్లలో మన పెద్దలు 160 చదరపు అడుగుల గదిలో సంసారాలు ఈదినారు. 2025 ఆగస్టులో తొలివిడతగా 556 కుటుంబాలకు 500 అడుగుల ఇండ్ల తాళాలు అందినవి. మేము చూడబోతే, పిల్లలకు అప్పుడే ఉప్పునీటి తొట్టి కావాలట, అందులో ట్రిగ్గర్ చేప!

వెన్నుమీది మొదటి ముల్లు నిక్కితే, రెండవది వంగనిదే దిగదు; తుపాకి మీటవంటి ఆ కీలువల్లనే ఆ పేరు. పీతలను కొరికి పగులగొట్టే పళ్లు. రాళ్లు జరుపుతుంది, తోటిచేపలను తరుముతుంది, వేలు పెడితే కరుస్తుంది. 400 లీటర్ల తొట్టి నీరే 400 కిలోలు దాటుతుంది. నేల సంగతి ఇంజనీరునడగాలి. ఎదుట సముద్రముంది గదా అని బకెట్టుతో తెచ్చేరు! ఆ మురికినీరు పనికిరాదు. శుద్ధజలంలో ఉప్పుల మిశ్రమం కొలిచి కలపాలి.

ఒంటరిగా పెంచండి అన్నాము. తోడు లేకపోతే ఎలాగని పిల్లలు పేచీ పెట్టినారు.