లిఫ్టు కన్నా ముందు ఎత్తు కొన్నాం

షెడ్డు కట్టేటప్పుడు గోడ ఎత్తు మీద పైసలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. జాగ కొంటే కాగితం చేతికొస్తుంది, బోరు వేస్తే నీళ్లొస్తాయి, ఎత్తు పెంచితే వచ్చేది ఉట్టి గాలే కదా అనిపిస్తుంది. కార్ల పని చేసే షెడ్డులో మాత్రం ఆ గాలే అసలు ఆస్తి. మా తమ్ముడి కోసం జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య 167వ జాతీయ రహదారి పక్కన మెకానిక్ షెడ్డు కట్టించినప్పుడు డబ్బు లెక్కలన్నీ నేనే చూశాను. అందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది షట్టర్.

తమ్ముడు ఐటీఐ చేసి నల్లగొండలో ఒక షెడ్డులో చాలా ఏళ్లు పనిచేశాడు. అక్కడ బండి కిందికి దిగడానికి గుంతే ఆధారం. వానాకాలంలో గుంతలో నీళ్లు ఊరతాయి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, అందుకని పైకి పోకుండా గుంతలోనే నిలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా మా పాలమూరు నేలలో రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది, గుంత కావాలన్నా కంప్రెసర్ పెట్టి కొట్టించాలి. అందుకే వాడు మొదటి రోజే తేల్చి చెప్పాడు: "అక్కా, లిఫ్టు ఇయ్యాల్నే కొనకున్నా నడుస్తది. రేపు కొంటే నిలబెట్టనీకి మాత్రం జాగ ఉండాలె."

మేస్త్రీ ఆలోచన వేరు. "మేడం, రెండు మడిగెలు కట్టుండ్రి. పదడుగుల స్లాబు, ఎనిమిదడుగుల షట్టర్. ఈ పని నడవకపోతే ఎవరికన్నా కిరాయికియ్యొచ్చు" అన్నాడు. ఇది తీసిపారేసే మాట కాదు. అప్పు చేసి కట్టేవాళ్లకు కిరాయి ధైర్యం పెద్ద ధైర్యం. కానీ ఎత్తైన షెడ్డుకూ కిరాయి వస్తుంది. జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్‌కు ఇంత దగ్గరలో పత్తికో వడ్లకో గోదాము అడిగేవాళ్లు ఉంటారు. మడిగెలో లిఫ్టు పట్టదు, లిఫ్టు పట్టే షెడ్డులో సరుకు పడుతుంది. అలా ఆలోచించుకుని రేకుల షెడ్డు వైపు మొగ్గాను.

తర్వాత కొలతలు. రెండు స్తంభాల లిఫ్టు బండిని 1,800 మిల్లీమీటర్ల దాకా లేపుతుంది. మా వైపు ఎక్కువ తిరిగే బొలెరో ఎత్తు 1,880 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 12 అడుగుల పైన ఒక అంగుళం. మీద సామాను క్యారియర్ ఉంటే ఇంకో అరడుగు. ఆపైన రేకుల కింద ట్రస్సు, లైట్లు, వైర్లు. గోడ 15 అడుగులు ఉంటేనే నిశ్చింత అని లెక్క తేలింది.

మరి తలుపు ఎత్తు? బండి లోపలికి నేల మీదే వస్తుంది కాబట్టి ఎనిమిదడుగుల వాకిలి సరిపోతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ వాకిలి ఎత్తు ఒక లెక్క, తలుపు తెరిచాక అది ఎక్కడ కూర్చుంటుందనేది వేరే లెక్క. లిఫ్టుకు అడ్డం వచ్చేది తెరిచిన తలుపే.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, గ్యారేజీ తలుపు పలకలు పలకలుగా పైకి జరిగి సీలింగు కింద పడుకుంటుంది. అక్కడ మామూలు ఇళ్లలో ఆ తలుపు ఎత్తు ఏడడుగులు. తలుపు ఎంత పొడవో లోపల పైకప్పు కింద అంత చోటు అది తినేస్తుంది. దాని కింద బండిని లేపితే టాపు తలుపుకు తగులుతుంది. పట్టాలను గోడ వెంట పైదాకా తీసుకెళ్లి, కప్పు దగ్గర వంచే ఏర్పాటు కూడా ఉంది, అక్కడ ఇంట్లో లిఫ్టు పెట్టుకునేవాళ్లు అదే చేయిస్తారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, చలి ఆపుతుంది. హైదరాబాద్ నుంచి ధర తెప్పిస్తే లక్షన్నర దాటింది. మా ఎండలకు ఆ తలుపు అవసరం లేదని వదిలేశాను.

మిగిలింది మనందరికీ తెలిసిన చుట్టుడు షట్టర్. ఇది చాపలా చుట్టుకుంటుంది, వాకిలి పైన ఆ చుట్ట పట్టేంత చోటే తీసుకుంటుంది. ఆ చోటు ఎంతో తెలియాలి. మహబూబ్‌నగర్‌లో షట్టర్లు చేసే దుకాణానికి వెళ్లి, పదడుగుల షట్టర్‌ను పైపు మీద పూర్తిగా చుట్టి చూపించమని అడిగాను. కుర్రాళ్లిద్దరు రేకు పట్టీలను ఒక్కొక్కటిగా ఎక్కించి చుడుతుంటే గ్రీజు, ఇనుము కలిసిన వాసన. చుట్టడం అయ్యాక టేపు పెట్టాను. అడ్డంగా 14 అంగుళాలు. మీద పెట్టె తొడిగితే 17. అంటే వాకిలి దగ్గర ఒకటిన్నర అడుగు పోతుంది, అంతే.

దాన్ని బట్టి లిఫ్టు చోటు గుర్తించాం. ఇన్నోవా క్రిస్టా పొడవు 4,735 మిల్లీమీటర్లు, పదిహేనున్నర అడుగులు. స్తంభాలు ఇంచుమించు బండి మధ్యలోకి వస్తాయి, అటూ ఇటూ ఎనిమిదేసి అడుగులు. షట్టర్ చుట్టకు ఒకటిన్నర, మనిషి తిరగడానికి రెండు. వాకిలికి పన్నెండడుగుల లోపల స్తంభాలు, షెడ్డు లోతు పాతికడుగులు. ఇక వాకిలిని ఎనిమిది దగ్గర ఆపకుండా పదడుగులకు పెంచాను, వెడల్పు పన్నెండు. టాపు మీద సరుకు కట్టుకుని వచ్చే పికప్పు బండ్లను వెనక్కి పంపకూడదని.

డబ్బు లెక్క ఇది. గోడలు, పిల్లర్లు 11 అడుగుల నుంచి 15కు పెంచితే అదనంగా అయ్యేది 90 వేలు. తర్వాత పెంచుకుందామంటే రేకులు విప్పాలి, ట్రస్సు దించాలి, పిల్లర్లు అతకాలి, అన్నాళ్లూ పని మూతపడాలి. మేస్త్రీ చెప్పిన అంచనా రెండున్నర లక్షలు. మళ్లీ మార్చుకోలేని దానికి ముందు డబ్బు, తర్వాత తగిలించుకోగలిగిన దానికి తర్వాత డబ్బు. నేను పెట్టుకున్న సూత్రం ఇదొక్కటే. ఎత్తుకు చిట్టీ పాడి సొంత డబ్బే పెట్టాను. లిఫ్టు నిలబడే చోట నేల చదును చేసేటప్పుడే ఎనిమిది అంగుళాల మందాన మంచి కాంక్రీటు పోయించాను, త్రీ ఫేజ్ వైరు కోసం పైపు గోడలో పెట్టించాను.

షట్టర్ 120 చదరపు అడుగులు. అడుగు 240 చొప్పున 28,800, గేరు, గొలుసుకు 9,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 44,604 రూపాయలు. గేరు లేకుండా కొంత మిగిలేది కానీ ఇంత బరువును రోజూ చేత్తో లేపితే నడుము పోతుంది. మోటారుకు ఇంకో 30 వేలు అన్నారు, ఆపాను, ఎప్పుడైనా బిగించుకోవచ్చు. పక్క గాడి లోతు మీద మాత్రం బేరమాడలేదు. వేసవి గాలిదుమారాలకు పన్నెండడుగుల వెడల్పు షట్టర్ ఊగి గాడిలోంచి ఊడే ప్రమాదం ఉంది.

లిఫ్టు ఏడాది తర్వాత వచ్చింది. అప్పటికి రోజుకెన్ని బండ్లు వస్తాయో, ఏ పనికి ఎంత మిగులుతుందో తమ్ముడి పుస్తకంలో ఉంది, బ్యాంకులో చూపించడానికి అది పనికొచ్చింది. ధర 1,60,000, జీఎస్టీతో 1,88,800. సొంతంగా 58,800 పెట్టి మిగతా 1,30,000 ముద్రా రుణం తీసుకున్నాం. 2015 ఏప్రిల్ 8న మొదలైన ఈ పథకంలో 50 వేలు దాటి 5 లక్షల వరకు కిశోర్ కింద ఇస్తారు, తాకట్టు అడగరు. మాకు పడిన వడ్డీ 11 శాతం, అంటే మొదట్లో నెలకు 1,200 లోపు. అదే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 శాతం, నెలకు 2,600. షెడ్డుతో పాటే లిఫ్టు కొనాల్సి వస్తే చేతిలో పుస్తకం లేక ఆ రెండు రూపాయల వడ్డీకే పోవాల్సి వచ్చేది. ఇంకొకటి, షట్టర్ బిల్లు, లిఫ్టు బిల్లు వేరువేరుగా తీసుకోండి. ఆదాయపు పన్ను లెక్కలో షట్టర్‌తో కలిపి కట్టడం మీద తరుగుదల 10 శాతం, లిఫ్టు లాంటి యంత్రం మీద 15 శాతం. లెక్క పుస్తకాలు రాసేవాళ్లకు ఈ తేడా పనికొస్తుంది.

నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఇప్పుడు కొత్త షెడ్లు చాలా లేస్తున్నాయి. మీరూ కట్టిస్తుంటే లింటెల్ పోయించకముందే లిఫ్టు అమ్మేవాళ్ల దగ్గర కొలతల డ్రాయింగు తెప్పించుకోండి, లిఫ్టు ఐదేళ్ల తర్వాత కొన్నా సరే. దాన్నీ షట్టర్ చుట్ట కొలతనూ కాగితం మీద రాసి మేస్త్రీ చేతికివ్వండి.