కడపటి బండి

గృహిణికి మోటారు పందెములతో నేమి పని యని మా పొరుగింటి పిన్నిగారు తరచు మమ్ములను బరిహసించుచుందురు. బాల్యమున మా తండ్రిగారు మాకు భారతము చెప్పుచు, నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలిన ఘట్టమున గ్రంథము మూసి, "మిగిలినది రేపు" అనెడివారు. ఉత్తరీయము జారిపడినదని రాజు చెప్పునంతలో రథము యోజనదూరము గడచిపోయినదట! ఆ రాత్రులు మాకు నిద్ర పట్టెడిది కాదు. ఆ వేగముపై మోజే పెద్దయైన పిదప మమ్ములను టెలివిజను ముందర గూర్చుండబెట్టినదని పిన్నిగారికి మా సమాధానము.

ఈ వెర్రి నంటించినవాడు మాత్రము మా తమ్ముడు. ఫార్ములా వన్ అను పందెములలో నొక్కొక్క జట్టునకు రెండేసి బండ్లుండును. లోకమెల్ల ముందు బోవు బండ్లను జూచుచుండ, వాడు "అక్కయ్యా, కడపటి బండిని జూడుము. అసలు పందెమచ్చటనే యున్నది" అనెడివాడు. నిజమే. ధనిక జట్టునకును పేద జట్టునకును మలుపు లవియే, గోడ లవియే, అపాయము నదియే. సొమ్ము మాత్రమే వేరు.

2014వ సంవత్సరమున నట్టి పేద జట్లలో మారుస్యా యొకటి. అందలి సారథి, ఫ్రెంచి యువకుడు జూల్ బియాంకి, ఆ మే నెలలో మొనాకోలో తొమ్మిదవవాడై జట్టునకు 2 అంకములు సంపాదించెను. వేరొక పేరుతో 2010లో బరిలో దిగిన యా జట్టున కవియే మొదటి అంకములు.

ఆ యేడు అక్టోబరు 5వ తేదీ ఆదివారము. మేము పుట్టింట నుంటిమి. జపానులో సుజుకాయందు వాన కురియుచుండెను. ఇచ్చట మా యమ్మ పప్పునకు పోపు పెట్టుచుండెను. ఒక బండి జారి బాట తప్పగా దానిని దొలగించుటకు క్రేను వచ్చెను. మరుచుట్టులో నా చోటనే బియాంకి బండియు జారి యా క్రేనును ఢీకొనెను. ఆ దృశ్యమును టెలివిజనులో నప్పుడు జూపలేదు. పందె మాగిపోయెను. విజేతల ముఖములలో నవ్వు లేకుండుట జూచి మాకు సంగతి యర్థమైనది. తొమ్మిది నెలలు స్పృహలేక పడియుండి, 2015 జూలై 17వ తేదీన, 25 ఏండ్ల వయసున నాతడు మరణించెను.

ఇక జట్టు మాట. ప్రమాదము జరిగిన నెలలోనే యది యప్పుల పాలై చేతులెత్తినది, పనివారిని బంపివేసిరి. అయినను మరుసటి యేడు తిరిగి లేచెను. ఏడాది చివర జట్ల స్థానములను బట్టి బహుమాన ద్రవ్యము పంచెదరు. మొనాకోలోని యా 2 అంకములవలన మారుస్యాకు తొమ్మిదవ స్థానము దక్కెను. ఆ సొమ్ముపై యాశయే జట్టును నిలిపినది. ఆస్పత్రిలో దెలివిలేక పడియున్న కుమారుని కష్టార్జితముతో నింట పొయ్యి వెలిగినట్లు లేదా? పిదప నా జట్టే మానర్ అను పేరుతో నాడుచు, 2016లో బ్రెజిలునందు మరియొక జట్టు 2 అంకములు సంపాదించుటచే వెనుకబడి, 2017 జనవరిలో మూతపడెను. రెండంకములు బ్రతికించినవి, రెండంకములే ముంచినవి.

ఇది క్రొత్త కథయు గాదు. 1994లో ఇటలీయందలి ఇమోలాలో ఏప్రిలు 30న ఆస్ట్రియా దేశీయుడు రోలండ్ రాట్జెన్‌బర్గరును, మరునాడు బ్రెజిలు దేశీయుడు ఐర్టన్ సెన్నాయును మరణించిరి. సెన్నా మూడు పర్యాయములు జగజ్జేత. రాట్జెన్‌బర్గరో, సిమ్‌టెక్ అను చిన్న జట్టువాడు. అది యాతడు పేరు నమోదు చేసికొన్న మూడవ పందెము. పందెమున 26 బండ్లకే చోటు, వచ్చినవి 28. ఒకమారు బాట తప్పి దెబ్బతిన్న బండితోనే, కడపటి చోటికై మరియొక చుట్టు తిరుగబోవ, ముందు రెక్క విరిగి గోడను గొట్టుకొనెను. సెన్నాకై లోకమంతయు నేడ్చినది. రెండవవాని పేరు మనలో నెందరెరుగుదురు? సెన్నా మరువలేదు. ఆతని బండిలో మడచిన ఆస్ట్రియా జెండా దొరికెను.

ఇంక మా దోషమును జెప్పుకొందుము. బియాంకి మరణించిన యేడే మా తమ్ముడు, ఇరువదేండ్లవాడు, చెన్నపట్టణము చెంత ఇరుంగాట్టుకోట్టై పందెపుబాటలో శిక్షణ పొందగోరెను. రుసుము, బండి యద్దె, టైర్లు, రైలు ఖర్చులు లెక్క వ్రాసి తెచ్చి, "అక్కయ్యా, నీ గాజులు తాకట్టు పెట్టుకొననిమ్ము. రెండేండ్లలో విడిపించెదను" అనెను. మీ బావగారిది బడిపంతులు జీతమనియు, గాజులు పిల్ల పెండ్లికి దాచినవనియు జెప్పితిమి. వాడు కాగితము మడచి జేబులో నుంచుకొనెను. మరల నడుగలేదు.

మేము వెనుదీసినది సొమ్మునకు కాదు, భయమునకు. భయమన్న వాడు వాదించును. లేమి యన్న వాదింపడు. అందుచే లేమిని జెప్పితిమి. తరువాతి పందెమునాడు మరల టెలివిజను ముందర గూర్చుంటిమి. మన తమ్ముని బంపము. పరుల తమ్ములు పోవుచుండ వేడుక చూతుము!

2018లో సారథి శిరస్సునకు రక్షగా హేలో యను టైటానియపు చట్రమును నియమించిరి. బండి యందము చెడెనని పలువురు గొణిగిరి, మేమును గొణిగితిమి. తొలుత వలదన్నవారిలో రొమా గ్రోజా అను సారథియు నొకడు. 2020 నవంబరు 29న బహ్రెయినులో హాస్ అను చిన్న జట్టునకు దోలుచున్న యాతని బండి యినుప కంచెలోనికి దూసికొనిపోయి, రెండు తునుకలై మండెను. సుమారు 28 సెకండ్లకు మంటలనుండి యాతడు వెలుపలికి వచ్చెను. చేతులు కాలినవి, ప్రాణము నిలిచినది. తన పూర్వాభిప్రాయము తప్పని ఆస్పత్రినుండియే యొప్పుకొనెను. ఆ చట్రము ధనిక జట్టున కొకటి, పేద జట్టున కొకటి కాదు. నియమముచే నందరికి నొక్కటియే. ప్రాణరక్ష యట్లే యుండవలెను. 2021 నుండి జట్ల వ్యయమునకును హద్దు పెట్టిరి; కడపటి బండ్ల కది కొంత యూరట.

ఆతని యొప్పుకోలు విని మాకు సిగ్గు కలిగినది. తమ్మునకు ఫోను చేసి, నాడు కొదువ యైనది సొమ్ము కాదని, భయపడితిమని చెప్పితిమి. వాడిప్పుడొక మోటారు షెడ్డులో బని చేయుచున్నాడు. కొంతసేపు మాటాడలేదు. పిదప, "నాకు నాడే తెలిసినది, అక్కయ్యా. డబ్బు లేదనుచు నీవు నా తలవంకనే చూచుచుంటివి" అనెను.

సోదరీమణులారా, మేము పందెములు చూచుట మానలేదు. మానితిమన్న నది రెండవ యబద్ధ మగును. అయితే కడపటి బండి క్షేమముగా జేరినదా యని ముందు చూతుము. జయించినవా డెవ్వడని పిమ్మట నడుగుదుము.