ఆరిపోవాలని ఎదురుచూసే దీపం

దీపం ఆరిపోతే అపశకునం అనుకుంటాం. కానీ కెనడాలో ఓ దీపముంది. అది ఎప్పుడు ఆరిపోతుందా అని 1989 నుంచీ ఎన్నో కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి!

ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరం అది. ఇంగ్లండ్ లండన్‌కి ఉన్నట్టే దీనికీ ఓ థేమ్స్ నది ఉంది. టొరంటో నుంచి కారులో రెండు గంటలు ప్రయాణిస్తే వస్తుంది. ఇక్కడి ఎడిలైడ్ వీధిలో 442వ నంబరు ఇల్లు చూడ్డానికి మామూలు ఇటుక ఇల్లే. కానీ షుగర్ జబ్బున్న పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు గుడికి వచ్చినట్టు వస్తుంటారు. ఇన్సులిన్ ఆలోచన పుట్టింది ఈ ఇంట్లోనే మరి.

అర్ధరాత్రి రెండు గంటలకు...

1920లో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ డాక్టరు అప్పు చేసి ఈ ఇల్లు కొన్నాడు. బోర్డు పెట్టి కూర్చుంటే రోగులే రాలేదు. మొదటి నెల సంపాదన నాలుగంటే నాలుగు డాలర్లు! ఇల్లు గడవడానికి దగ్గర్లోని వైద్య కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. ఆ ఏడాది అక్టోబరు 30 రాత్రి, మర్నాటి తర్వాత చెప్పాల్సిన పాఠం కోసం క్లోమగ్రంథి గురించి ఓ వ్యాసం చదివి పడుకున్నాడు. నిద్రపట్టలేదు. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు లేచి, కాగితమ్మీద పాతిక పదాలు రాసుకున్నాడు. అందులో 'డయాబెటిస్' స్పెల్లింగు కూడా తప్పే! ఆ గదిని సందర్శకులు ఇప్పటికీ చూడొచ్చు. అక్కడికొచ్చేసరికి పెద్దవాళ్ల కళ్లు చెమర్చడం మామూలే.

ఎందుకంత ఉద్వేగం? ఆ రాత్రికి ముందు షుగర్ పిల్లల బతుకెలా ఉండేదో తెలిస్తేనే అది అర్థమవుతుంది.

ఆకలే మందు!

అప్పట్లో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే నిపుణుడి పద్ధతికి మంచి పేరు. పిండిపదార్థాలు దాదాపుగా బంద్. కూరగాయల్ని మూడుసార్లు ఉడికించి, ఆ నీళ్లన్నీ పారబోసి పెట్టేవారు, వాటిలోని కాస్త పిండిపదార్థమూ పోవాలని. రోజూ మూత్రపరీక్ష. చక్కెర కనిపిస్తే తిండి ఇంకా తగ్గించాలి. పిల్లలు బతికేవారు కానీ అస్థిపంజరాల్లా మారిపోయేవారు. అమెరికా విదేశాంగ మంత్రి ఛార్లెస్ ఇవాన్స్ హ్యూస్ కూతురు ఎలిజబెత్‌దీ అదే కథ. పదిహేనేళ్లు నిండబోయే ఆ అమ్మాయి 1922 ఆగస్టులో టొరంటో చేరేనాటికి బరువు 20 కిలోలే!

తిండి తగ్గిస్తే చక్కెర తగ్గుతుంది. మరి ప్రాణమెందుకు నిలవదు? జవాబు కీటోన్లలో ఉంది. రక్తంలోని చక్కెర కణాల్లోకి వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. అది లేకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే ఇంధనమే కీటోన్లు. కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. వాటి ఉత్పత్తికి కళ్లెం వేసేదీ ఇన్సులినే. అది పూర్తిగా కరవైతే కీటోన్లు పోగుపడి రక్తం ఆమ్లంగా మారిపోతుంది. వాంతులు, కడుపునొప్పి, పండ్ల వాసన వేసే ఊపిరి, ఆయాసం, చివరికి స్పృహ తప్పడం... అదే కీటోఅసిడోసిస్.

పన్నెండు రోజుల తేడా

బాంటింగ్ 1921లో టొరంటో విశ్వవిద్యాలయానికి వెళ్లి, ప్రొఫెసర్ మెక్లియోడ్ ప్రయోగశాలలో ఛార్లెస్ బెస్ట్ అనే విద్యార్థితో కలిసి పని మొదలుపెట్టాడు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కి తొలి సూది వేశారు. పిల్లవాడి బరువు 30 కిలోలకన్నా తక్కువే. చక్కెర కాస్త తగ్గింది కానీ కీటోన్లు కదల్లేదు. పైగా సూది గుచ్చినచోట గడ్డ లేచింది. జేమ్స్ కాలిప్ అనే రసాయన నిపుణుడు రాత్రింబవళ్లు శ్రమించి ఆ మందును శుద్ధిచేశాడు. జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఒక్కరోజులో చక్కెర 520 నుంచి 120కి దిగింది. మూత్రంలో కీటోన్లు మాయమయ్యాయి. మందు పనిచేసిందనడానికి అసలైన గుర్తు అదే! లియొనార్డ్ మరో పదమూడేళ్లు జీవించాడు. ఎలిజబెత్ పెళ్లిచేసుకుని, పిల్లల్ని కని, 73 ఏళ్లు బతికింది. పేటెంటు హక్కుల్ని మాత్రం విశ్వవిద్యాలయానికి ఒక్కో డాలరుకే ఇచ్చేశారు.

పాత పాఠం... కొత్త పళ్లెం

వందేళ్లు దాటాక మళ్లీ పిండిపదార్థాలు తగ్గించే ఆహారం వాడుకలోకొచ్చింది. అన్నం మానేసి గుడ్లూ, పన్నీరూ, కొవ్వులతో గడిపేవాళ్లు మన తెలుగు ఊళ్లలోనూ కనిపిస్తారు. టైప్-1 ఉన్నవాళ్లలోనూ కొందరు చక్కెర హెచ్చుతగ్గులు తగ్గుతాయని ఈ దారి పడుతున్నారు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే... ఇన్సులిన్. అది సరిపడా ఉన్నంతసేపే ఈ ఆహారంలో కీటోన్లు అదుపులో ఉంటాయి.

వేలి రక్తంతో కొలిచే మీటరులో 0.6 మిల్లీమోల్ లోపు ఉంటే మామూలే. పిండిపదార్థాలు బాగా తగ్గించినవాళ్లలో అంతకన్నా కాస్త ఎక్కువగా ఉండొచ్చు. చక్కెర మామూలుగా ఉండి, ఒంట్లో బాగుంటే అది ఆహారం వల్లే కావచ్చు. అయినా మళ్లీ పరీక్షించుకోవాలి. 1.5 దాటితే వెంటనే డాక్టరును సంప్రదించాలి. 3 దాటితే ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మూత్రపట్టీ చూపేది వేరేరకం కీటోన్‌ను. పైగా అది కొన్ని గంటల కిందటి పరిస్థితి. అందుకే రక్తపరీక్షే మేలు.

ఇక్కడో చిక్కుంది. ఈ ఆహారంలో ఉన్నవాళ్లకి చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ రావచ్చు. జ్వరం, వాంతులు వచ్చినప్పుడూ, పంపు గొట్టం మూసుకుపోయినప్పుడూ, మూత్రం ద్వారా చక్కెరను పంపించే 'గ్లిఫ్లోజిన్' మాత్రలు వాడుతున్నప్పుడూ ఆ ముప్పు ఎక్కువ. 'ఏమీ తినలేదు కదా' అని ఇన్సులిన్ పూర్తిగా మానేయడం అన్నిటికన్నా ప్రమాదం. మోతాదు మార్చాలన్నా డాక్టరే మార్చాలి. ఎదిగే పిల్లల విషయంలోనైతే సొంత ప్రయోగాలు అసలే వద్దు.

ఆ ఇంటి పక్కనే బాంటింగ్ పేరిట చిన్న ఉద్యానం. అక్కడ ఆయన విగ్రహం, దగ్గర్లో ఇంగ్లండ్ రాజమాత వెలిగించిన ఆశాజ్యోతి. 1991లో పాతిపెట్టిన ఓ పెట్టె కూడా అక్కడుంది. మధుమేహాన్ని పూర్తిగా నయంచేసే మార్గం దొరికిన రోజున ఆ పెట్టె తెరుస్తారు. దీపం ఆర్పేస్తారు. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుకుంటున్నారు.

ఇన్సులిన్ జబ్బును నయంచేయలేదు, బతుకునిచ్చింది. దీపం వెలుగుతోందంటే సూదిమందు అవసరం ఇంకా తీరలేదనే అర్థం. పళ్లెంలో ఏమున్నా, లేకున్నా!