బ్రూనోకి పదికి ఎన్ని?

అమెరికా నుంచి వచ్చే సూట్‌కేసుల్లో ఒకప్పుడు చాక్లెట్లు, బాదంపప్పు, సెంటు సీసాలు దిగేవి. ఈమధ్య నా బల్ల మీదికి వేరే సీసాలు వస్తున్నాయి. బొటనవేలంత గోధుమరంగు గాజు సీసా, మూతకి డ్రాపరు, అట్ట మీద నవ్వుతున్న కుక్క బొమ్మ. “అమ్మాయి పంపింది డాక్టరు గారూ, అక్కడ అందరూ కుక్కలకి ఇదే వేస్తున్నారట.” సీబీడీ నూనె.

అలా తెచ్చినవాళ్లలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు నాకు బాగా గుర్తు. ఆయన లాబ్రడార్ బ్రూనోకి పదకొండేళ్లు, నలభై కిలోలు. పెరుగన్నం, నెయ్యి రాసిన చపాతీ, సాయంత్రం ఆయన టీతో పాటు నాలుగు బిస్కెట్లు. వెనక తుంటి కీళ్లు అరిగిపోయి, పొద్దున లేవాలంటే ముందు కాళ్లతో ఒళ్లంతా ఈడ్చుకునేవాడు. ఆయన ఆ రోజు సీసాతో పాటు ఒక రూళ్ల నోట్‌బుక్కు కూడా తెచ్చారు. అందులో రోజూ బ్రూనో నడకకి పదికి ఇన్ని అని ఎర్ర సిరాతో మార్కులు. నూనె మొదలుపెట్టక ముందు నాలుగు. తర్వాత అయిదు, ఆరు, ఇరవయ్యో రోజుకి ఏడు.

ఆవరణలో నడిపించి చూశాను. నిజమే, నయంగానే ఉంది. ఆ మాటే అన్నాను కూడా. తర్వాత మోతాదు రాసుకుందామని కళ్లజోడు పెట్టుకుని సీసా తిప్పాను. చీమల బారులాంటి అక్షరాల్లో ఉన్నది ఒకే ఒక్క దినుసు: హెంప్ గింజల నూనె. కన్నాబిడియాల్, అంటే సీబీడీ, అన్న మాట ఎక్కడా లేదు.

సీబీడీ ఉండేది హెంప్ మొక్క పూలలో, ఆకుల్లో పట్టే జిగురులో. గింజల్ని గానుగాడితే వచ్చేది నువ్వుల నూనెలాంటి తిండి నూనె. అందులో సీబీడీ లెక్కలోకి రానంత. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో ఆ గింజల్నీ నూనెనీ ఆహారంగా అనుమతించింది. పెరుగన్నంలో వేసుకుంటే తప్పేమీ లేదు, కీళ్లకి ఒరిగేదీ లేదు.

మరి మేమిద్దరం చూసిన ఆ నయం ఏమిటి? అంతకుముందు వచ్చినప్పుడు నా ఫోనులో తీసిన వీడియో ఉంది. ఆ రోజు మరొకటి తీసి రెండూ పక్కపక్కన పెట్టాను. కుడి వెనక కాలు అప్పుడెంత తేలికగా ఆనించాడో ఇప్పుడూ అంతే. పోనీ, మా ఇద్దరిదే కాదు ఈ పొరపాటు. కీళ్లనొప్పుల కుక్కలకి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి, అవి కాలు ఎంత బలంగా మోపుతున్నాయో యంత్రంతో కొలిచిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది. యంత్రం మార్పేమీ లేదన్నా, సగానికి పైగా సందర్భాల్లో యజమానులు బాగుందన్నారు. పశువైద్యులు కూడా తక్కువేం తినలేదు, వందకి నలభై దాటింది. కుక్క నోరు విప్పి చెప్పదు కాబట్టి దాని నొప్పికి మనమే సాక్షులం, మన ఆశ కూడా సాక్ష్యం చెప్పేస్తుంది.

అంటే సీబీడీ అంతా బూటకమా అంటే, అదీ కాదు. కోర్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో కీళ్లనొప్పుల కుక్కలకి, ఏది మందో ఏది కాదో యజమానులకి తెలియకుండా, కిలో బరువుకి రెండు మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు ఇచ్చారు. నొప్పి తగ్గింది. కాలేయానికి సంబంధించిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొన్నిటిలో పెరిగింది. 2021లో వచ్చిన ఇంకో పరిశోధనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇలా అటూ ఇటూ ఉన్న విషయాన్ని సీసా మీద కుక్క బొమ్మ వేసి తేల్చేయడమే నాకు మింగుడుపడదు.

హెడ్మాస్టరు గారి అమ్మాయి, ఈసారి అసలైన సీబీడీయే పంపిస్తానంది. లెక్క వేసి చూపించాను. ఆమె చెప్పిన సీసాలో ముప్ఫై మిల్లీలీటర్లకి మూడు వందల మిల్లీగ్రాములు. బ్రూనో బరువుకి పూటకి ఎనభై కావాలి, అంటే ఎనిమిది మిల్లీలీటర్లు, రోజుకి పదహారు. సీసా రెండు రోజులు నిండా రాదు. అట్ట మీద రాసిన మోతాదు మాత్రం పూటకి ఒక డ్రాపరు. పైగా అక్కడ 2018లో, టీహెచ్‌సీ 0.3 శాతానికి మించని హెంప్‌ని అనుమతించారు కానీ, ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ మత్తుమందుల చట్టం ఉంది, మధ్యలో కస్టమ్స్ ఉంది. ఆ మాట వినగానే, ముప్ఫై ఆరేళ్లు సర్కారు బడిలో పనిచేసిన మనిషి, బల్ల మీది గింజల నూనె సీసాని కూడా గబుక్కున సంచిలో దాచేశారు.

ఆ భయం ఉత్తిదేం కాదు, మొక్క ఒకటే. తులసి వనంలో గంజాయి మొక్క అంటాం. కంపెనీలు ఆ గంజాయి మొక్కలోంచే ఓ తులసిని బయటికి తీశామంటున్నాయి. మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ, సీబీడీ కాదు. సీసాలో ఏది ఎంత ఉందో పరీక్ష చేసిన కాగితం లేకపోతే, ఆ తేడా మనకి తెలిసేది కుక్క తూలినప్పుడే.

అలా తూలిన కుక్కపిల్లని ఇద్దరు కుర్రాళ్లు ఒక ఆదివారం మధ్యాహ్నం ఎత్తుకొచ్చారు. నిలబెడితే కాళ్లు ఎడంగా పెట్టి, గాలికి ఊగే కొమ్మలా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. తెలియకుండానే మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతోంది. మొహం దగ్గర వేలు కదిపితే ఉలిక్కిపడుతోంది. ఒళ్లు చల్లబడింది. “ఏం తింది?” “ఏమీ తినలేదు సార్.” నేను పోలీసుని కాదు నాయనా అని మూడుసార్లు చెప్పాక, చిన్నవాడు నేల చూస్తూ, రాత్రి పార్టీకి తెచ్చిన కేకు ముక్క అన్నాడు. సెలైన్ పెట్టి, దుప్పటి కప్పి, చీకటి గదిలో పడుకోబెట్టాం. మర్నాటికి లేచి నా చెప్పు కొరికింది.

ఈ దృశ్యాన్ని నాకంటే చాలా ముందే ఒక డాక్టరు రాసిపెట్టాడు. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన విలియం ఓషానెస్సీ 1839లో గంజాయి మీద తన ప్రయోగాల్ని ప్రకటించాడు. ఆయన నేపాలీ చరస్ ఇచ్చింది ఒక కుక్కకే. అరగంటలో అది మగతగా జోగుతూ, మధ్యలో ఉలిక్కిపడి లేస్తూ, ఎంతో తృప్తిగా తోకాడిస్తూ, పిలిస్తే తూలుకుంటూ వచ్చిందట. ఆరు గంటలకి మామూలైంది. మాంసం తినే జంతువులకి ఎక్కినంతగా గడ్డి మేసేవాటికి ఎక్కదనీ గమనించాడు. ఫిట్స్ వస్తున్న ఓ పసిపాపకి గంజాయి టింక్చర్ ఇచ్చి తగ్గించిందీ ఆయనే.

ఫిట్స్ అంటే నాకు గుర్తొచ్చేది వేరే రాత్రి. మిన్ను అనే బీగిల్ మూడేళ్లుగా గార్డినాల్ అనే ఫిట్స్ మందు మీద బాగానే ఉంది. కాకపోతే మత్తుగా పడుకుంటోంది, ఎంత పెట్టినా ఆకలంటోంది. ఆ ఇంటి అమ్మాయి సీబీడీ సంపాదించి, గార్డినాల్ ఒక్కసారిగా ఆపేసింది. నాలుగో రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను. ఒక ఫిట్ తగ్గకముందే ఇంకొకటి. వచ్చేసరికి ఒళ్లు నిప్పులా కాలుతోంది. నరంలోకి డయజిపామ్, మళ్లీ డయజిపామ్, ఆపైన ఫినోబార్బిటాల్. తెల్లవారుజామున అయిదింటికి గాని కాళ్లు కొట్టుకోవడం ఆగలేదు. తర్వాత రెండు రోజులు చూపు లేక గోడలకి గుద్దుకుంది, మూడో రోజు తేరుకుంది. ఆ అమ్మాయిని నేను గట్టిగానే తిట్టాను, ఇప్పటికీ కొంచెం బాధే. కొలరాడోలో 2019లో ఫిట్స్ కుక్కల మీద జరిగిన పరిశోధనలో సీబీడీ ఇచ్చింది ఉన్న మందులకి తోడుగా. ఫిట్స్ సుమారు మూడో వంతు తగ్గాయి, కానీ సగానికి సగం తగ్గిన కుక్కల నిష్పత్తి మందు ఇచ్చిన జట్టులోనూ ఇవ్వని జట్టులోనూ ఇంచుమించు ఒకటే. ఫిట్స్ తగ్గాయన్న సగం మాట ఆ పిల్లకి అందింది, తోడుగా అన్న సగం అందలేదు. ఆ సగాన్ని నేనే ముందుగా చెప్పి ఉండాల్సింది.

ఇక బ్రూనో. రక్తపరీక్షలో కిడ్నీ, కాలేయం సరిగ్గా ఉన్నాయి కాబట్టి బరువు తగ్గించే తిండి చెప్పి, మెలోక్సికామ్ రాశాను. హెడ్మాస్టరు గారు చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ ఆగారు. “నా మార్కుల్ని నేనే నమ్మకూడదంటారు, అంతేగా? పబ్లిక్ పరీక్షల పేపర్లకి నంబరు మీద కాగితం అంటించి కోడింగ్ చేస్తాం, ఎవరి పేపరో దిద్దేవాడికి తెలియకుండా. ఇదీ అలాగే చేద్దాం. మా ఆవిడ తనకి తోచిన రోజున మాత్ర మొదలుపెట్టి అన్నంలో కలిపి పెడుతుంది. నాకు చెప్పదు. నేను మార్కులేస్తా.”

రెండు వారాల తర్వాత నోట్‌బుక్కు తెచ్చారు. రెండో రోజు ఆరు, మూడో రోజు మళ్లీ నాలుగు, ఏడో రోజు నుంచి ఆరు, ఆరున్నర, ఏడు. ఆవిడ మాత్ర మొదలుపెట్టింది అయిదో రోజున. ఫోనులో వీడియో కూడా ఆయన మార్కులతో ఏకీభవించింది. బిస్కెట్లు నాలుగు నుంచి ఒకటికి దిగాయి, అదీ పావు ముక్కలుగా విరిచి.

రెండో రోజు ఆరు ఎందుకేశారండీ అని అడిగాను.

ఆయన కాస్త సిగ్గుపడి, “ఆ పొద్దున గేటు దగ్గర నన్ను చూసి తోకాడించాడండీ” అన్నారు.