ఈ జ్వరం ఏ ఊరిది?

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు సూర్యాపేటలో ఆగిందంటే ప్రయాణికులకు మొదట గుర్తొచ్చేది టీ. కాసేపు కాళ్ళు సాగదీసుకుని మళ్ళీ ఎక్కేస్తారు. కోదాడ రాగానే 'సరిహద్దు దగ్గరికొచ్చేశాం' అనుకుంటారు. కుడివైపు లోపలికి ఉన్న మిర్యాలగూడ చాలామందికి బియ్యం బస్తా మీద పేరుగానే పరిచయం!

ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల పల్లెలకు అన్నం పెట్టింది పారే నీళ్ళు. సూర్యాపేటకు దగ్గర్లోని సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలకు ఆధారం సాగర్ ఎడమ కాల్వ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలారు. బీళ్ళు వరిమళ్ళయ్యాయి. మిర్యాలగూడలో రైసుమిల్లులు వరసకట్టాయి.

అయితే కొత్త నీళ్ళు వచ్చిన చోట రైతు ఒక్కడే సంతోషించడు. పల్లెల్లో మలేరియాను మోసే దోమ ఒకటుంది... పేరు అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. దోమ అనగానే మనకు మురుగుకాల్వ గుర్తొస్తుంది కానీ, దీనికి మురుగు గిట్టదు. కాల్వ గట్టు కింద ఊట నీళ్ళు, అప్పుడే నాట్లు వేసిన మడి దీనికి పుట్టిళ్ళు. పగలు కొట్టంలో, ఇంటి గోడల మీద నక్కి ఉండి రాత్రిపూట బయల్దేరుతుంది. పశువు దొరికితే పశువు, లేకపోతే మనిషి!

చలిజ్వరం వస్తే దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగకపోవడం, ఇంటింటికీ తిరిగి డీడీటీ కొట్టడం పెద్దవాళ్ళకు తెలిసిన సంగతే. మన దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది. అంతకుముందు ఏటా ఏడున్నర కోట్లమందికి ఈ జ్వరం వచ్చేదని అంచనా. 1965 నాటికి ఆ సంఖ్య లక్షకు పడిపోయింది. ఇక పీడ విరగడైందనుకున్నారు. కానీ దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, మనుషులు అశ్రద్ధకు అలవాటు పడ్డారు. 1976లో మళ్ళీ 64 లక్షల కేసులు! ఇప్పుడు మరోసారి దిగివచ్చాం. 2015లో 11.69 లక్షలున్న కేసులు 2023లో 2.27 లక్షలే. 2030కల్లా దేశంలో మలేరియా లేకుండా చేయాలన్నది లక్ష్యం. మరి మిగిలిన ఈ కేసులు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

దీనికి జవాబు వెతకాలంటే మూసీ వెంట ఎగువకు, హైదరాబాదుకు వెళ్ళాలి. హుస్సేన్‌సాగర్‌కు కాస్త దూరంలో, బేగంపేటలో ఓ పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడే ఒక దోమ కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. కడుపు గోడలో నల్లటి చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియాను మోసేది దోమేనని లోకానికి తెలియడానికి అదే నాంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దోమకు ఒక అణా చొప్పున తీసుకుని ఆ దోమలచేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగిని మాత్రం ఎంతమంది తలుచుకుంటారు?

రాస్ చూసిన ఆ కడుపులోనే అసలు కిటుకుంది. మలేరియా పరాన్నజీవికి మన ఒంట్లో జరిగేదంతా ఒకటి రెండు కావడం, రెండు నాలుగు కావడం. దాని పెళ్ళి మాత్రం దోమ కడుపులోనే! రెండు వేర్వేరు రకాల పరాన్నజీవులున్న రక్తాన్ని దోమ తాగితే అక్కడ వాటి జన్యువులు కలగలిసి కొత్త రకాలు పుడతాయి. జ్వరాలు ముమ్మరంగా ఉన్న చోట ఇలాంటి సంకరాలు ఎక్కువ. తగ్గిన చోట ఒకే రకం పరాన్నజీవి మళ్ళీ మళ్ళీ తనతోనే జతకట్టి, ఇంచుమించు ఒకే పోలికతో మిగులుతుంది. అంటే పరాన్నజీవుల పోలికలు చూసి ఆ ప్రాంతంలో జ్వరం జోరు మీదుందో, వెనకబట్టిందో అంచనా వేయవచ్చన్నమాట.

ఆ పోలికలు చూడటానికే జన్యుక్రమం చదువుతారు. ఫాల్సిపారం రకం పరాన్నజీవికి 14 క్రోమోజోములు, 2.3 కోట్ల అక్షరాలు, 5 వేలకు పైగా జన్యువులు. దాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది 2002లో. అందుకు వాడిన పరాన్నజీవి పుట్టుపూర్వోత్తరాలే ఒక కథ! అది దొరికింది నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం దగ్గర జ్వరపడిన ఒక రోగి రక్తంలో. ఆఫ్రికా నుంచి విమానమెక్కి వచ్చిన దోమ కుట్టి ఉంటుందని అనుమానించారు. తర్వాత జన్యువులు చూస్తే పోలిక ఆఫ్రికాదే!

ఇప్పుడు మళ్ళీ మన రోడ్డు మీదికి వద్దాం. మిర్యాలగూడ మిల్లుల్లో బీహార్ హమాలీలున్నారు. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి కూలీలు ఖమ్మం వైపు దిగుతారు. ఖమ్మం నుంచి కోదాడ ఎంత దూరం? వాళ్ళలో ఒకరికి జ్వరం వచ్చి, పరీక్షలో మలేరియా తేలిందనుకుందాం. వలస వచ్చినవాడి మీద నెట్టేయడం తేలిక. కానీ అది ఇక్కడి దోమ కుట్టగా వచ్చిందే అయితే? మందు కొట్టాల్సింది ఈ ఊళ్ళోనే కదా! వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను వడపోత కాగితం మీద ఆరబెట్టి ప్రయోగశాలకు పంపితే చాలు, అందులోని పరాన్నజీవి ఏ ప్రాంతపు రకాలకు దగ్గరో చూడొచ్చు. చెప్పినంత సులువేం కాదు... ఆ చుక్కలో మనిషి డీఎన్ఏ సముద్రమంత, పరాన్నజీవిది చెంచాడంత. పోల్చి చూసేందుకు చుట్టుపక్కల ప్రాంతాల నమూనాలూ ముందే చదివి ఉండాలి.

వైవాక్స్ రకం మరీ జగమొండి. కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తుంది. ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులూ వాడమనేది అందుకే. భారత్, బ్రెజిల్, మారిటేనియా, ఉత్తర కొరియా నుంచి తెచ్చిన వైవాక్స్ నమూనాలను 2012లో చదివితే, వైవిధ్యంలో ఇది ఫాల్సిపారంకు రెట్టింపని తేలింది.

ఇంకో చిక్కు, పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే పరీక్షది. అది ఫాల్సిపారంను పసిగట్టేది హెచ్ఆర్‌పీ2 అనే ప్రొటీన్ ద్వారా. ఆ జన్యువునే పోగొట్టుకున్న పరాన్నజీవులు మన దేశంలోనూ కొన్ని రాష్ట్రాల్లో దొరికాయి. వాటి ముందు ఆ పరీక్ష గుడ్డిదే. ఒళ్ళు కాలిపోతుంటే 'మలేరియా లేదు' అంటుంది! క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మన దేశంలో 1973లో అస్సాంలో కనిపించింది. దాని వెనక ఉన్న జన్యువును పట్టుకునేసరికి 2000 సంవత్సరం వచ్చింది. ఇప్పుడు అంతకాలం ఆగనక్కర్లేదు.

బేగంపేట పక్క హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు మూసీలో కలుస్తాయి. మూసీ సూర్యాపేట వైపుగా సాగి, మిర్యాలగూడకు దిగువన వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. అక్కడికి చేరే దారిలో, నాట్ల కాలంలో, రెండు పక్కలా నీళ్ళు నిండిన మడులే. పొద్దు వాలగానే కొట్టాల్లో పశువులు తోకలు విసురుకోవడం మొదలవుతుంది.