బొమ్మ కదలదు

మా జలంత్రకోటలో బిగుసుకుపోయేవి రెండే అని ఇన్నాళ్లూ అనుకున్నాను: పుష్యమాసంలో కొబ్బరినూనె, జీడిపిక్కల ధర అడిగినప్పుడు షావుకారి మొహం. మొన్న రాత్రి మూడోది చూశాను. లాప్‌టాప్ తెర.

ఆ లాప్‌టాప్ మా మేనల్లుడు కాలేజీలో చదివేటప్పటిది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక వాడు కొత్తది కొనుక్కుని పాతది మాకు ధర్మం చేశాడు. మేం దాన్ని బావ కాగితాలకి బీరువాగా వాడుకుంటున్నాం. బావకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఈ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలని జబ్బు కనక ఎందుకొచ్చిందనీ అడగరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెంకులు లేచిపోయి రిపోర్టుల ఫైలు నానిపోయింది. ఎండబెట్టి, విడదీసి, అక్షరం ఆనినంతవరకూ ఫోటోలు తీసి అందులో దాచాం. ఆ తర్వాతవీ అందులోనే.

ఇప్పుడు పలాస కిడ్నీ ఆసుపత్రిలో, అదే 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకలదాంట్లో, డాక్టరుగారు "పాతవన్నీ తెండి" అన్నారు. ఒక్క రిపోర్టు చూస్తే క్రియాటినిన్ ఎంతుందో మాత్రమే తెలుస్తుంది. ఏడేళ్లవీ వరసగా చూస్తే ఎంత జోరుగా ఎక్కుతోందో తెలుస్తుంది. తెల్లారితే ప్రయాణం. రాత్రి ఎనిమిదింటికి తీస్తే విండోస్ పైకి లేవనంది. కిందటి వారం అప్‌డేటు మధ్యలో కరెంటు పోయిందనీ, బ్యాటరీ ఎప్పుడో చచ్చిందనీ అప్పతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మేనల్లుడికి ఫోను చేశాను.

"డిస్కు బాగానే ఉండుంటుంది మావయ్యా. గుమ్మం తలుపు పడిపోయింది, అంతే. దొడ్డిదోవన వెళదాం" అన్నాడు.

దొడ్డిదోవ అంటే ఉబుంటు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత సాయం ఆగిపోయింది కనక దీన్ని లైనక్సుకి మార్చేద్దామని సంక్రాంతికి వచ్చినప్పుడు పెన్‌డ్రైవు తయారుచేసి, అరిసెల సందట్లో మరిచిపోయాడు. దాంతో, లోపలున్నదేదీ చెరపకుండానే, లాప్‌టాప్ నడపచ్చట.

పెన్‌డ్రైవు గుచ్చి, వాడు చెప్పిన మీట నొక్కాను. పట్టిక వచ్చింది. మొదటి వరస ఎంచుకున్నాను. ఉబుంటు బొమ్మ వచ్చింది. వచ్చింది వచ్చినట్టే నిలబడిపోయింది. తిరగాల్సిన చక్రం తిరగదు. పది నిమిషాలు.

"ఏటయింది?" వంటింట్లోంచి అప్ప.

"బిగుసుకుపోనాది."

"క్యాప్స్‌లాక్ నొక్కు మావయ్యా, దీపం వెలుగుతోందా?" లేదు. వెలిగితే లోపల ప్రాణం ఉండి తెర ఒక్కటే పోయినట్టు. వెలగలేదంటే నాడి అందటం లేదన్నమాట.

ఆపి మళ్లీ మొదలెట్టాం. ఈసారి పట్టిక రాగానే 'ఇ' నొక్కమన్నాడు. లైనక్స్ అని మొదలయ్యే వరస చివర 'క్వయట్ స్ప్లాష్' అని రెండు మాటలున్నాయి. నోరు మూసుకుని బొమ్మ చూపించు అని వాటి అర్థం. అవి చెరిపి ఎఫ్10 కొడితే బొమ్మ పోయి, తెరనిండా అక్షరాల వరసలు పరుగెత్తి ఠక్కున ఆగాయి. ఆఖరి వరసలో 'నూవో' అని ఉంది.

"దొరికాడు!"

నూవో అంటే ఫ్రెంచిలో కొత్త. గ్రాఫిక్స్ చిప్పు చేసిన కంపెనీ తన గుట్టు చెప్పకపోతే, బయటివాళ్లు ఆ చిప్పు నడతని గమనించి గమనించి రాసుకున్న డ్రైవరు. ఉద్దానం జబ్బుకి వైద్యం లాంటిదే. ఒక్కో చిప్పు దగ్గర లెక్క తప్పి మొత్తం కొయ్యబారిపోతుంది. లైనక్సు పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లండులో ఓ సభలో ఆ కంపెనీకి మధ్యవేలు చూపించాడని చెప్పి వాడు నవ్వాడు. రాత్రి పదింటికి నాకూ ఎవరికో ఒకరికి చూపించాలనే అనిపించింది, ఎవరికో తేలలేదు.

మూడోసారి ఆ రెండు మాటల చోట 'నోమోడ్‌సెట్' అని రాయించాడు, ఎన్ అంటే నారాయణ, ఎం అంటే మావయ్య అంటూ. ఆ డ్రైవరు జోలికి పోకు, ఉన్నంతలో సర్దుకో అని దాని తాత్పర్యం. సర్దుకుంది. బొమ్మలు సాగదీసినట్టున్నాయి గాని ఫోల్డరు కనపడింది.

ఫైళ్లు ఇంకో పెన్‌డ్రైవులోకి ఎక్కుతుండగా, ఇందాక తీసిన పట్టిక ఫోటో వాడికి పంపాను. కాసేపు మాట లేదు.

"మావయ్యా, రెండో వరస చదివావా?"

చదివాను. ఉబుంటు, సేఫ్ గ్రాఫిక్స్. అది నొక్కి ఉంటే ఆ నోమోడ్‌సెట్టేదో అదే తగిలించుకునేదట.

"మొదట్లోనే చెప్పవేంరా?"

"నాకు తట్టలేదు. నువ్వయినా చదవకపోయావా?"

అరుగు మీద నిద్రపోతున్నట్టు నటిస్తున్న బావ లేచొచ్చాడు. "పద్దెనిమిదోవి ఉన్నాయేటి?"

ఉన్నాయి, తిత్లీ మరకతో సహా. అందులో 1.6. మొన్నటిది 3.4. మధ్యలోవన్నీ ఒక్కొక్కటే తెరిపించి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు.

"మెల్లగానే ఎక్కినాదిరా" అని, పొద్దున్న బస్సెన్నింటికని అడిగి, వెళ్లి నిజంగానే పడుకున్నాడు.